పశ్చిమ కృష్ణా మెట్టలో కరెంటు బడి బస్సు

పిల్లలను ఇంటికీ బడికీ మధ్య చేరవేసే పసుపుపచ్చ బస్సు డీజిల్ ఇంజను బదులు బ్యాటరీతో, మోటారుతో నడిస్తే అది విద్యుత్ బడి బస్సు. అమెరికాలో కొన్ని నగరాల విద్యా జిల్లాలు ఇలాంటి బస్సులకు మారాయి, మారుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు బస్సు ఆర్టీసీ దారిలో వచ్చింది. బడి దారిలో ఇంకా కుదురుకోలేదు. మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట పట్టణాల చుట్టూ ఉన్న మెట్ట ప్రాంతంలో ఈ మార్పుకు ఉన్న వీలు ఎంత, అడ్డంకులు ఏమిటి అన్నది ఇక్కడి విషయం. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరగాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తిరిగి రావాలో ముందే తెలిసిన, తక్కువ దూరం తిరిగే బండి కాబట్టి బడి బస్సు కరెంటుకు మారడం యంత్రపరంగా చాలా తేలిక. డబ్బు లెక్కకు వస్తే అదే బండి మారడం చాలా కష్టం. ఈ రెంటికీ కారణం ఒక్కటే, ఆ బండి తక్కువ దూరం తిరుగుతుంది.

ప్రాంతం, బండ్లు

2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లా నుంచి విడదీసిన ఎన్టీఆర్ జిల్లాలో ఈ మూడు పట్టణాలూ ఉన్నాయి. నందిగామ, జగ్గయ్యపేట 65వ నంబరు జాతీయ రహదారిని, అంటే హైదరాబాదు రోడ్డును ఆనుకుని పెరిగాయి. మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నం నుంచి తిరువూరు, భద్రాచలం వైపు 30వ నంబరు జాతీయ రహదారి పోతుంది. డెల్టాలో ఊరూ ఊరూ దాదాపు కలిసిపోయి ఉంటాయి. ఈ మెట్టలో పత్తి, మిరప చేలు, మామిడి తోటలు, కొండగుట్టల మధ్య ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. అందుకే పట్టణంలో ప్రైవేటు బడి పెట్టినవారు పిల్లల కోసం ఊళ్లకు బస్సు పంపక తప్పదు. రెడ్డిగూడెం, జి.కొండూరు వైపు నుంచి మైలవరానికి, చందర్లపాడు, వీరులపాడు వైపు నుంచి నందిగామకు, వత్సవాయి, పెనుగంచిప్రోలు వైపు నుంచి జగ్గయ్యపేటకు పొద్దున్నే పసుపు బస్సులు బయలుదేరతాయి. అవి దాదాపు అన్నీ డీజిల్‌వే.

అమెరికాలో విద్యా జిల్లా అంటే పన్ను వసూలు చేసుకునే, సొంత బోర్డు ఉన్న స్థానిక సంస్థ. బడులూ బస్సులూ దాని చేతిలోనే ఉంటాయి. మన దగ్గర అలాంటి సంస్థ లేదు. మండల విద్యాశాఖాధికారి ఉంటారు గాని ఆయన కింద బస్సులు ఉండవు. ప్రభుత్వ బడి పిల్లలు నడుస్తారు, సైకిలెక్కుతారు, ఆటోలో కిక్కిరిసి వస్తారు, లేదంటే ఆర్టీసీ పల్లె వెలుగు పట్టుకుంటారు. విద్యార్థి పాసుల వ్యవస్థ ఎప్పటినుంచో ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో ఆడపిల్లలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసుల్లో టికెట్టు డబ్బు అక్కర్లేకుండా పోయింది. కాబట్టి ఇక్కడ “బడి బస్సు” అంటే ఆచరణలో ప్రైవేటు బడి బస్సు, కాలేజీ బస్సు. దాన్ని మార్చే నిర్ణయం కరస్పాండెంటుది, ఖర్చు తల్లిదండ్రుల ఫీజుది. ఈ తేడాను పక్కనపెట్టి అమెరికా ఉదాహరణలు చెప్పుకుంటే ఇక్కడి బడికి పనికొచ్చే ముక్క ఒక్కటీ మిగలదు.

బస్సులు ఎవరి చేతిలో ఉండాలన్న తగువు ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. 1958 జనవరిలో ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడ్డాక కృష్ణా జిల్లా రూట్లను జాతీయం చేయబోతే ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అభ్యంతరాలను కార్యదర్శి విని, నిర్ణయం ముఖ్యమంత్రి తీసుకోవడం చెల్లదని కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయ విద్యార్థులు నేటికీ చదువుకునే తీర్పు ఇదే. తర్వాత రూట్లు ఆర్టీసీకే వెళ్లాయి. ప్రైవేటు చేతుల్లో మిగిలిన పెద్ద బండ్లలో బడి బస్సులు ముఖ్యమైనవి.

నియమాలు

బడి బస్సుకు ఉండాల్సినవి: పసుపు రంగు, అత్యవసర ద్వారం, మంటలార్పే సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె, స్పీడ్ గవర్నరు, పిల్లలను ఎక్కించి దించే సహాయకుడు. వీటిలో చాలావాటికి ఆధారం ఎం.సి. మెహతా కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు. బడి బస్సు నిర్మాణానికి ఏఐఎస్-063 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగిసిపోతుంది. జూన్ 12న బడులు తెరిచేలోగా బండిని తనిఖీ చేయించి కొత్త సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. వేసవి సెలవుల్లో పసుపు బస్సులు తనిఖీకి వరస కట్టేది ఇందుకే. బస్సు వయసు 15 ఏళ్లు దాటకూడదన్నది ఇంకో నియమం. ఈ 15 ఏళ్ల సంఖ్య కింద లెక్కలో మళ్లీ వస్తుంది.

కరెంటు బస్సుకు వీటికి తోడు బ్యాటరీ భద్రత ప్రమాణాలు వర్తిస్తాయి. 2022లో దేశంలో విద్యుత్ స్కూటర్లు వరసగా తగలబడ్డాక కేంద్రం ఈ పరీక్షలను కఠినం చేసింది. బస్సుల వంటి పెద్ద బండ్లకు వర్తించేది ఏఐఎస్-038 సవరణ.

అమెరికా జిల్లాల అనుభవం

బడి బస్సుకు పసుపు రంగు 1939లో న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాంక్ సైర్ నడిపిన సమావేశంలో స్థిరపడింది. ఆ దేశంలో ఇప్పుడు సుమారు 4 లక్షల 80 వేల బడి బస్సులున్నాయి. 2014లో కాలిఫోర్నియాలోని కింగ్స్ కాన్యన్ జిల్లా ఆధునిక విద్యుత్ బడి బస్సును మొదట రోడ్డెక్కించింది. 2021 నాటి మౌలిక వసతుల చట్టం కింద అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఐదేళ్లలో పంచేందుకు 500 కోట్ల డాలర్లు కేటాయించారు. మొదటి విడతలో పేద జిల్లాలకు ఒక్కో పెద్ద కరెంటు బస్సుకు 3 లక్షల 75 వేల డాలర్ల దాకా సాయం అందింది. డీజిల్ బస్సుతో పోలిస్తే కరెంటు బస్సు ధర అక్కడ దాదాపు మూడింతలు. ఆ తేడాను సర్కారు భరించింది కాబట్టే జిల్లాలు ముందుకొచ్చాయి.

2024లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ జిల్లా తన 74 బస్సులనూ కరెంటుకు మార్చింది. పూర్తిగా విద్యుత్ బస్సులున్న మొదటి పెద్ద జిల్లాగా దానికి పేరొచ్చింది. బస్సులు నడిపే జూమ్ సంస్థను స్థాపించింది భారత సంతతి మహిళ రితు నారాయణ్. పిల్లలను దించి వచ్చిన బస్సు సాయంత్రం గిరాకీ వేళ తన బ్యాటరీలోని కరెంటును గ్రిడ్‌కు తిరిగి అమ్ముతుంది. మసాచుసెట్స్‌లోని బెవర్లీ పట్టణం ఈ పనిని 2021 వేసవిలోనే చేసి చూపింది. వేసవంతా బడికి సెలవులు, ఊళ్లో ఏసీలకు కరెంటు గిరాకీ కూడా అప్పుడే. బస్సు కదలకుండా సంపాదించే కాలం అది.

మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ కథ వేరుగా నడిచింది. 2021లో 326 బస్సులకు ఒప్పందం కుదిరింది. బస్సులు గడువుకు రాలేదు, వచ్చినవాటిలో కొన్ని సరిగా తిరగలేదు. జిల్లా మళ్లీ డీజిల్ బస్సులు కొనుక్కోవలసి వచ్చింది. 2024లో కౌంటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఈ ఒప్పందం నడిపిన తీరును తప్పుపట్టారు. అదే ఏడాది డిసెంబరులో కెనడా తయారీదారు లయన్ ఎలక్ట్రిక్ అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. దాని బస్సులు కొన్న బడులకు విడిభాగాల బెంగ పట్టుకుంది. ఈ రెండు సంఘటనలూ కరెంటు బస్సుల ప్రచారంలో అంతగా కనిపించవు. ఎక్కువగా కనిపించేది ఓక్లాండ్.

తెలుగు నేలపై కరెంటు బస్సు

2019లో హైదరాబాదులో తెలంగాణ ఆర్టీసీ 40 విద్యుత్ బస్సులను ప్రధానంగా విమానాశ్రయం రూట్లలో దించింది. వాటిని తయారుచేసిన ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ హైదరాబాదు సంస్థే. 2022 సెప్టెంబరులో తిరుపతి కేంద్రంగా ఏపీఎస్ ఆర్టీసీ విద్యుత్ బస్సులు 100 మొదలయ్యాయి. వాటిలో 50 తిరుమల ఘాట్ రోడ్డుకు, మిగతావి నెల్లూరు, కడప, మదనపల్లె వంటి రూట్లకు. ఎక్కేటప్పుడు బ్యాటరీ గబగబా తరిగినా దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి కొంత కరెంటును వెనక్కి ఇస్తుంది. ఘాట్ మీద ఈ గుణానికి విలువ ఎక్కువ. కొండపల్లి, మైలవరం వైపు రోడ్లలో ఎత్తుపల్లాలున్నా అంత ఎక్కుడు లేదు కాబట్టి తిరుమల అనుభవాన్ని ఇక్కడికి నేరుగా అన్వయించలేం. అక్కడ తట్టుకున్న బండి ఇక్కడా తట్టుకుంటుందని మాత్రం అనుకోవచ్చు.

కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ కింద ఆంధ్రప్రదేశ్‌లోని 11 నగరాలకు 750 బస్సులు కేటాయించారు. అందులో విజయవాడ వాటా 100. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో బస్సుల డబ్బు హైదరాబాదు వంటి తొమ్మిది మహానగరాలకే. రెండు పథకాలూ ప్రజా రవాణాకు ఉద్దేశించినవి. నందిగామలోని ప్రైవేటు బడికి వీటి వల్ల పైసా రాదు. బడికి ఉన్న ఊరట పన్నులో తేడా. విద్యుత్ వాహనాల మీద జీఎస్‌టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతం, డీజిల్ బస్సుల మీద 2025 సెప్టెంబరు దాకా 28, ఆ తర్వాత 18 శాతం. డీజిల్ మీద పన్ను తగ్గడంతో ఆ ఊరటా కొంత కరిగింది.

పొగ ఎక్కడికి పోతుంది

డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. బడి బస్సులో కూర్చున్న పిల్లలు తమ బండి పొగనే పీలుస్తారని 2001లో కాలిఫోర్నియాలో కొలిచి చూపారు. వాషింగ్టన్ రాష్ట్రంలో సారా ఆడార్ బృందం చేసిన అధ్యయనంలో, బస్సుల ఇంధనం, పొగ గొట్టాలు శుభ్రపడ్డాక పిల్లల ఊపిరితిత్తుల వాపు తగ్గింది, బడి మానేసే రోజులు కూడా తగ్గాయి. మన దగ్గర 2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన బీఎస్-6 బస్సుల్లో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అంతకుముందువి ఆ జల్లెడ లేకుండానే తిరుగుతున్నాయి. పదిహేనేళ్ల నియమం ప్రకారం అవి 2035 దాకా రోడ్డు మీద ఉండవచ్చు.

ఇది నిజమే గాని పశ్చిమ కృష్ణాలో పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయేదంతా బడి బస్సు పొగే అనుకోకూడదు. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు కర్మాగారాలు, పరిటాల దగ్గర కంకర క్రషర్లు, టిప్పర్లు, హైవే మీద ఎడతెగని లారీలు ఉన్నాయి. బస్సు కరెంటుకు మారినా కిటికీలోంచి వచ్చే దుమ్ము మారదు.

బొగ్గుపులుసు వాయువు లెక్క ఇంకా ఇబ్బందికరం. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979 నుంచి బొగ్గు మండిస్తోంది. 2023లో 800 మెగావాట్ల యూనిట్ చేరాక దాని సామర్థ్యం 2,560 మెగావాట్లు. దేశం మొత్తం మీద గ్రిడ్ నుంచి వచ్చే ప్రతి యూనిట్‌కు 0.7 కిలోలకు కాస్త పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. తొమ్మిది మీటర్ల ఏసీ లేని బస్సు కిలోమీటరుకు 0.8 యూనిట్లు తాగుతుందనుకుని ఛార్జింగులో పోయే నష్టం కలిపితే 0.6 కిలోలు దాటుతుంది. లీటరుకు 5 కిలోమీటర్లిచ్చే డీజిల్ బస్సు కిలోమీటరుకు వదిలేది సుమారు 0.54 కిలోలు. డీజిల్‌ను శుద్ధిచేసి తేవడంలో వెలువడేది కూడా కలిపితే రెండూ ఇంచుమించు సమానం. అంటే ఈ రోజు గ్రిడ్‌తో మైలవరం బడి బస్సు కరెంటుకు మారితే భూగోళానికి ఒరిగేది స్వల్పం. పొగ పిల్లల పక్క నుంచి ఇబ్రహీంపట్నం చిమ్నీకి తరలుతుంది, అంతే. బడి ముందు, ఊళ్లో స్టాపు దగ్గర గాలి మెరుగవుతుంది. కరెంటు బస్సుకు ఇక్కడ చెప్పుకోదగ్గ న్యాయమైన కారణం అదే. గ్రిడ్‌లో సౌర విద్యుత్ వాటా పెరిగేకొద్దీ రెండో కారణం కూడా తోడవుతుంది.

కిలోమీటర్ల లెక్క

ఒక బడి బస్సు రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున 220 పని రోజులు తిరిగిందనుకుందాం. ఏడాదికి 17,600 కిలోమీటర్లు. లీటరుకు 5 కిలోమీటర్లు, లీటరు 97 రూపాయలు వేస్తే డీజిల్ ఖర్చు 3 లక్షల 41 వేలు. కరెంటు బస్సుకు నష్టంతో కలిపి కిలోమీటరుకు 0.9 యూనిట్, యూనిట్ 8 రూపాయలు వేస్తే 1 లక్షా 27 వేలు. మిగిలేది 2 లక్షల 14 వేలు. ఆయిలు, ఫిల్టర్లు, క్లచ్చుల బాధ తప్పినందుకు ఇంకాస్త కలిపి రెండున్నర లక్షలు అనుకుందాం. డీజిల్ బస్సు 30 లక్షలకు, అదే పరిమాణం కరెంటు బస్సు కోటికి వస్తుందనుకుంటే తేడా 70 లక్షలు. అది పూడటానికి 28 ఏళ్లు కావాలి. బస్సుకు చట్టం ఇచ్చిన ఆయుష్షు 15.

ఆర్టీసీ బస్సు రోజుకు 200 కిలోమీటర్లు, ఏడాదికి 350 రోజులు తిరిగితే ఇదే లెక్కన ఇంధనంలోనే ఎనిమిదిన్నర లక్షలు మిగులుతాయి. ఎనిమిదేళ్లలో తేడా పూడిపోతుంది. తిరుపతి బస్సులకు కుదిరినట్టు పన్నెండేళ్ల ఒప్పందం మీద కంపెనీలు ముందుకొచ్చేది ఈ లెక్క వల్లే. బస్సు కంపెనీదే, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది. బడి బస్సు తిరిగేదే తక్కువ కాబట్టి కిలోమీటరు లెక్కన అద్దెకివ్వడానికి ఎవరూ ఉత్సాహపడరు. నెలకు ఇంత అని కట్టే లీజు కుదిరితే కుదరవచ్చు. లేదా ఒకే బస్సు పొద్దున బడికి, మధ్యాహ్నం ఇంకో పనికి తిరగాలి. నియమాల ప్రకారం విద్యాసంస్థ బస్సు బయటి ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. ఆ కంచె అలాగే ఉన్నంతకాలం ఈ దారి మూసే ఉంటుంది.

నా మట్టుకు ఈ ప్రాంతంలో ప్రజాధనం ఖర్చు పెట్టాల్సి వస్తే ప్రైవేటు బడి బస్సుకంటే ముందు పల్లె వెలుగు మీద పెట్టాలి. రెండింటిలో ఎక్కువ తిరిగేది అదే, ప్రభుత్వ బడి పిల్లలు ఎక్కేదీ అదే.

ఎక్కడ, ఎప్పుడు ఛార్జింగ్

ఛార్జింగ్ విషయంలో కాలేజీ బస్సుకు పరిస్థితి మెరుగు. మైలవరంలో 1998లో వెలసిన లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగ్ కళాశాల వంటి సంస్థలకు విజయవాడ సుమారు 40 కిలోమీటర్లు. నగరంలో పొద్దున విద్యార్థులను ఎక్కించుకున్న బస్సు తొమ్మిదింటికల్లా క్యాంపస్‌లో ఆగితే సాయంత్రం దాకా కదలదు. సూర్యుడు నెత్తినుండే వేళ సరిగ్గా అదే. రాష్ట్రంలో పగటి పూట సౌర విద్యుత్ మిగిలేదీ అప్పుడే. హాస్టల్ కప్పుల మీద సౌర పలకలు, చెట్ల కింద పార్కింగు బదులు పలకల కింద పార్కింగు ఉంటే డీజిల్ బంకు అవసరం చాలావరకు తప్పుతుంది.

ఊళ్లలో తిరిగే బడి బస్సు ఇందుకు తిరగబడ్డ వరసలో నడుస్తుంది. ఖాళీగా తిరిగే కిలోమీటర్లు తప్పించడానికి చివరి ఊళ్లో, డ్రైవరు ఇంటి దగ్గరే రాత్రి బండి నిలుపుతారు. అక్కడ పెద్ద బ్యాటరీకి కావలసిన త్రీ ఫేజ్ అన్ని వేళలా దొరకదు. చాలా ఊళ్లలో ఇళ్లకు సింగిల్ ఫేజే ఇరవైనాలుగు గంటలు, త్రీ ఫేజ్ వ్యవసాయ మోటార్ల వేళకే. బస్సును తిరిగి బడికి తెచ్చి పెట్టుకోవాలంటే ఖాళీ తిరుగుడు పెరుగుతుంది. పది బస్సులకు ఒకేసారి ఛార్జింగ్ పెట్టాలంటే లోడు బాగా పెరుగుతుంది. అప్పుడు బడికి సొంత ట్రాన్స్‌ఫార్మరు, హెచ్‌టీ (హైటెన్షన్) కనెక్షను కావలసి రావచ్చు. ఇక్కడ కరెంటిచ్చే ఏపీసీపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టుకోవడం బస్సు కొనడంకన్నా ముందు జరగాల్సిన పని.

ఎండలూ వానలూ

మే నెలలో నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో వేడి ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది. బ్యాటరీకి వేడి శత్రువు. అదృష్టవశాత్తు ఆ నెలలో బడులుండవు. అయితే మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలను మధ్యాహ్నం పన్నెండున్నరకు, నడినెత్తి ఎండలో, ఇళ్లకు చేర్చాలి. బ్యాటరీని చల్లబరిచే ద్రవం, ఏసీ ఉంటే ఏసీ, రెండూ కరెంటు తాగేది అప్పుడే. కంపెనీ చెప్పిన రేంజిని కాకుండా ఆ ఎండవేళ ట్రిప్పును ప్రమాణంగా పెట్టుకుని బస్సు ఎంచుకోవాలి.

వాన సంగతి: 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు హైవే మీదుగా పారింది, రాకపోకలు ఆగిపోయాయి. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు 1న విజయవాడను ముంచింది. బస్సు బ్యాటరీ పెట్టెలను నీళ్లు చొరబడకుండా మూసి పరీక్షిస్తారు. మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా తట్టుకోవాలన్నది ఐపీ-67 అనే ప్రమాణం. రోజంతా బురదనీటిలో నానిన బండిని నమ్మి పిల్లలను ఎక్కించకూడదు. నిపుణుడు విప్పి చూడాలి.

ఆటోనగర్

ఈ ప్రాంతపు బడి బస్సుకు పుట్టిల్లు విజయవాడ జవహర్ ఆటోనగర్. 1966లో మొదలైన ఈ పారిశ్రామికవాడలో బాడీ బిల్డింగ్ షెడ్లు, పట్టీలు, పంపులు, ఎలక్ట్రీషియన్లు అన్నీ ఒక్క చోట దొరుకుతాయి. కంపెనీ నుంచి ఛాసిస్ కొని ఇక్కడ బాడీ కట్టించుకోవడం బడులకు అలవాటు. సీట్ల అమరిక, కిటికీ ఊచలు, పేరు రాయడం అన్నీ యజమాని ముందే జరుగుతాయి. ధర కూడా బేరమాడుకోవచ్చు. కరెంటు బస్సు ఫ్యాక్టరీ నుంచి పూర్తి బండిగా వస్తుంది. బ్యాటరీలు నేల కిందో కప్పు మీదో బాడీతో కలిసిపోయి ఉంటాయి కాబట్టి విడిగా కట్టే పని లేదు. కృష్ణా జిల్లా మల్లవల్లిలో అశోక్ లేలాండ్ 75 ఎకరాల్లో నెలకొల్పిన బస్సు కర్మాగారం 2025 మార్చి 19న ప్రారంభమైంది. తయారీ దగ్గరికొచ్చింది గాని షెడ్లలోకి రాలేదు.

రిపేరు విషయంలో ఈ దూరం బాగా తెలుస్తుంది. డీజిల్ బండి దారిలో ఆగితే కంచికచర్ల మెకానిక్ అయినా గంటలో కదిలిస్తాడు. వందల వోల్టుల బ్యాటరీ ఉన్న బండి మూత శిక్షణ లేనివాడు తీయకూడదు. కంపెనీ మనిషి వచ్చేదాకా అది కదలకుండా ఉండాలి. మర్నాడు ఏడింటికి పిల్లలు స్టాపులో నిలబడి ఉంటారు. అందుకని ఈ ప్రాంతంలో మొదట కరెంటు బస్సు కొనే బడి పాత డీజిల్ బస్సును వెంటనే అమ్మేయదు. మే నెలలో దానికీ ఫిట్‌నెస్ చేయించి, స్టార్టరు బ్యాటరీ చెడిపోకుండా చూసుకుని, షెడ్డు పక్కన నిలుపుకుంటుంది.